ప్రయోగశాలలో నడిచే మోకాలు: ‘30 ఏళ్ళ పరీక్ష’ అంటే అసలు అర్థం ఏమిటి?

ఇంటి దగ్గర నుంచి వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో వస్తుంది. అమ్మకు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, రెండూ మార్చాలన్నారు. ఆస్పత్రి వాళ్ళు మూడు రకాల కృత్రిమ మోకాళ్ళు, వాటి ఎదురుగా మూడు ధరలు రాసిచ్చారు. అన్నిటికంటే ఖరీదైన దాని పక్కన ‘30 ఏళ్ళ వరకు ప్రయోగశాలలో పరీక్షించినది’ అని ఉంది. “ఏది వేయించమంటావు?” అని నాన్న అడుగుతారు. డాలస్‌లోనో, దుబాయ్‌లోనో, లండన్‌లోనో ఉన్న మనకు ఏం చెప్పాలో తోచదు. పక్కన ఉండి చూసుకోలేకపోతున్నామన్న బాధలో, డబ్బుకు వెనకాడామన్న మాట రాకూడదని, ఎక్కువ ధర ఉన్నదే వేయించమంటాం.

మార్కెట్లోకి వచ్చి పదేళ్ళు కూడా కాని మోకాలిని 30 ఏళ్ళు ఎలా పరీక్షించారు? ఆ పరీక్ష ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు? అది అమ్మ మోకాలి గురించి ఏం చెబుతుంది, ఏం చెప్పదు? మనిషి కీళ్ళ కదలికను ప్రయోగశాలలో తిరిగి సృష్టించే ఈ శాస్త్రం గురించి కొంత తెలిస్తే, నాన్న అడిగిన ప్రశ్నకు ఇంకాస్త బాగా జవాబు చెప్పవచ్చు.

మోకాలు తలుపు బందు కాదు

చూడటానికి మోకాలు తలుపు బందులా ముడుచుకుని తెరుచుకుంటుంది. నిజానికి మడిచేటప్పుడు తొడ ఎముక కింది ఎముక మీద దొర్లుతుంది, జారుతుంది, కొద్దిగా మెలి కూడా తిరుగుతుంది. మూడు దిశల్లో జరగడం, మూడు దిశల్లో తిరగడం, మొత్తం ఆరు రకాల కదలికలు ఒకేసారి సాగుతాయి. వీటిని అదుపులో పెట్టేది ఎముకల ఆకారం ఒక్కటే కాదు. లిగమెంట్లు, కండరాలు, మధ్యలో ఉన్న మెత్తటి పొరలు అన్నీ కలిసి పనిచేస్తాయి.

బరువు సంగతి ఇంకా ఆశ్చర్యం. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే మోకాలి మీద 70 కిలోలే పడుతుందని అనుకుంటాం. కీలు కదలాలంటే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకోవాలి, ఆ బిగింపు కూడా కీలు మీదే పడుతుంది. మామూలు నడకలో మోకాలి మీద శరీర బరువుకు సుమారు 2.6 రెట్లు పడుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు 3.2 రెట్లు, దిగేటప్పుడు దాదాపు 3.5 రెట్లు. అంటే ఆ 70 కిలోల మనిషి మెట్లు దిగుతుంటే ప్రతి అడుగుకూ మోకాలు 240 కిలోల వరకు మోస్తోంది. “ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉందిరా” అని పెద్దవాళ్ళు అనడం ఊరికే కాదు.

టెఫ్లాన్ నేర్పిన పాఠం

ఒంట్లో పెట్టే ముందు యంత్రంలో అరగదీసి చూడాలన్న పాఠం వైద్యులకు తేలిగ్గా అబ్బలేదు. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రిలో సర్ జాన్ చార్న్లీ 1958 నుంచి తుంటి కీళ్ళు మార్చడం మొదలుపెట్టారు. ఉక్కు బంతి, దానికి టెఫ్లాన్ గిన్నె. టెఫ్లాన్ చాలా నున్నటి పదార్థం, కాబట్టి కీలు బాగా జారుతుందని ఆయన ఆలోచన. సుమారు 300 మందికి అవి పెట్టారు. మొదట్లో అందరూ హాయిగా నడిచారు. రెండు మూడేళ్ళు తిరిగేసరికి గిన్నెలు అరిగిపోయాయి. అరిగిన పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని పాడుచేసింది. పెట్టినవాటిని మళ్ళీ ఆయనే తీయాల్సి వచ్చింది.

ఆయన దగ్గర హ్యారీ క్రావెన్ అనే టెక్నీషియన్ ఉండేవాడు. 1962లో ఒక సేల్స్‌మన్, మగ్గాల పళ్ళ చక్రాలకు వాడే పాలిథిలీన్ ముక్క ఒకటి తెచ్చాడు. చార్న్లీ దాన్ని బొటనవేలి గోటితో గీరి, ఇది పనికిరాదని తేల్చేశారు. క్రావెన్ మాత్రం ఆయన ఊళ్ళో లేని సమయంలో ఆ ముక్కను అరుగుదల యంత్రానికి బిగించాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఇది మూడు వారాల్లో అరగలేదు. తిరిగి వచ్చి చూసిన చార్న్లీ తన మాట వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది నవంబరు నుంచి పాలిథిలీన్ గిన్నెలే వాడారు. ఈ రోజు అమ్మకు వేసే మోకాలిలో లోహపు ముక్కల మధ్య ఉండే తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఆ వంశంలోదే.

యంత్రం లోపల ఏం జరుగుతుంది?

ఇప్పుడు ఈ పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. తుంటికి ఐఎస్ఓ 14242, మోకాలికి ఐఎస్ఓ 14243. యంత్రంలో వరుసగా నాలుగో ఆరో గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక్కో కృత్రిమ కీలును బిగిస్తారు. ఒక గదిలో మాత్రం కీలు కదలదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

కీలు చుట్టూ పోసేది నీళ్ళు కాదు, నీళ్ళలో కలిపిన దూడ రక్తపు సీరం. మన కీళ్ళలో ఉండే జిగురులాంటి ద్రవంలో ప్రొటీన్లు ఉంటాయి. ఉత్త నీళ్ళలో అరగదీస్తే ఒంట్లో కనిపించే అరుగుదలకు, యంత్రంలో కనిపించేదానికి పొంతన ఉండదు. సీరాన్ని 37 డిగ్రీల దగ్గర, అంటే ఒంటి వేడిమి దగ్గర ఉంచుతారు.

తర్వాత నడక మొదలవుతుంది. సెకనుకు ఒక అడుగుల జత. ప్రతి సెకనులోనూ మోకాలు 58 డిగ్రీల వరకు మడుచుకుని మళ్ళీ చాపుకుంటుంది. దాని మీద బరువు పెరుగుతూ తగ్గుతూ గరిష్ఠంగా 2,600 న్యూటన్లకు, అంటే సుమారు 265 కిలోలకు చేరుతుంది. ముందుకూ వెనక్కూ జారడం, మెలి తిరగడం కూడా నడకలో ఉన్నట్టే జరుగుతాయి. ఇలా 50 లక్షల సార్లు. ఆగకుండా తిప్పితే 58 రోజులు పడుతుంది. మధ్యలో ఆపి, కడిగి, తూచి, సీరం మార్చే పనులు కలిపితే మూడు నెలల పని.

అరుగుదలను తూకంతో కొలుస్తారు. ప్లాస్టిక్ ముక్కను తీసి, శుభ్రం చేసి, ఆరబెట్టి, ఎన్ని మిల్లీగ్రాములు తగ్గిందో చూస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. ప్లాస్టిక్ సీరాన్ని పీల్చుకుని బరువు పెరుగుతుంది కూడా. పీల్చుకున్నది అరిగినదాన్ని కప్పేస్తే, అరగనే లేదని మోసపోతాం. కదలని గదిలోని కీలు ఇందుకే. అది కూడా అదే సీరంలో, అదే బరువు కింద ఉంటుంది. అది ఎంత పీల్చుకుందో చూసి, మిగతావాటి లెక్క సరిచేస్తారు.

కదలిక సరిగ్గా లేకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో చెప్పే ఉదాహరణ మరొకటి ఉంది. పాత యంత్రాలు కొన్ని ప్లాస్టిక్‌ను ఒకే గీతలో ముందుకూ వెనక్కూ రుద్దేవి. అరుగుదల చాలా తక్కువగా కనిపించేది. కారణం, ఒకే దిశలో రుద్దితే పాలిథిలీన్ అణువుల గొలుసులు ఆ దిశలోనే వరుసకట్టి గట్టిపడతాయి. మనిషి నడకలో దిశ మారుతూ ఉంటుంది, గీతలు అడ్డంగా దాటుకుంటాయి. అలా అడ్డంగా రుద్దినప్పుడే ఆ గొలుసులు తెగుతాయి. దిశ మార్చే యంత్రాలు వచ్చాకే ఫలితాలు రోగుల నుంచి తీసిన కీళ్ళతో సరిపోలాయి. రేడియేషన్‌తో గొలుసులను ఒకదానికొకటి ముడివేసిన కొత్త రకం పాలిథిలీన్ చాలా తక్కువ అరుగుతుందని ముందే చెప్పగలిగింది ఈ యంత్రాలే. 1990ల చివర నుంచి తుంటి రోగుల్లో అది నిజమని తేలింది.

ఆ అంకెలు ఎక్కడివి?

యంత్రానికి ఎంత బరువు పెట్టాలో ఎవరు చెప్పారు? మొదట్లో నడకను బయటి నుంచి కొలిచి లెక్కగట్టారు. 1890ల్లోనే జర్మనీలోని లైప్‌జిగ్‌లో బ్రౌనె, ఫిషర్ అనే ఇద్దరు ఒక సైనికుడి ఒంటికి వెలిగే గొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి ఫొటోలు తీసి లెక్కలు వేశారు. ఇప్పుడు ఒంటికి చిన్న మెరిసే బంతులు అతికించి, చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెట్టి, నేలలో బరువు కొలిచే పలకలు అమర్చి అదే పని చేస్తున్నారు.

లెక్కగట్టడం వేరు, లోపల కొలవడం వేరు. బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ కీలు లోపలే సెన్సర్లు పెట్టి, రోగుల అనుమతితో అమర్చింది. బ్యాటరీ లేదు. బయట కాలికి చుట్టిన తీగచుట్ట నుంచి దానికి కరెంటు అందుతుంది, కొలతలు రేడియో ద్వారా బయటికి వస్తాయి. పైన మోకాలి గురించి చెప్పిన అంకెలు ఇలా బతికున్న మనుషుల మోకాళ్ళ లోపల నుంచి వచ్చినవే. తొట్రుపడినప్పుడు తుంటి మీద శరీర బరువుకు 8 రెట్లకు పైగా పడిన సందర్భం కూడా వాళ్ళు నమోదు చేశారు. ఆ సమాచారం ఆర్థోలోడ్ పేరుతో అందరికీ అందుబాటులో ఉంది.

దానమిచ్చిన కాళ్ళు, ఫ్యాక్టరీ రోబోలు

అరుగుదల యంత్రంలో లోహం, ప్లాస్టిక్ తప్ప మనిషి ఒళ్ళు లేదు. లిగమెంటు తెగితే మోకాలు ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే నిజమైన మోకాలు కావాలి. దేహదానం చేసినవారి కాళ్ళతో ఈ పరీక్షలు జరుగుతాయి. ఆక్స్‌ఫర్డ్ రిగ్ అనే అమరికలో అలాంటి మోకాలిని నిలబెట్టి, తొడ ముందు కండరాన్ని మోటారుతో లాగి, గుంజీలు తీయిస్తారు.

1993లో పిట్స్‌బర్గ్‌లో సావియో వూ బృందం ఫ్యాక్టరీలో వాడే రోబో చేతిని ఈ పనికి తెచ్చింది. అందులోని ఉపాయం చాలా సులువైనది. ముందు అన్ని లిగమెంట్లూ ఉన్న మోకాలిని రోబో కదిలిస్తుంది. ఏ దారిలో కదిలింది, ఎంత బలం పడింది అన్నది గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఒక్క ఏసీఎల్ లిగమెంటును మాత్రమే కోస్తారు. రోబో మళ్ళీ అచ్చంగా అదే దారిలో మోకాలిని కదిలిస్తుంది. ఈసారి బలం ఎంత తగ్గిందో, అంత బలాన్ని ఆ లిగమెంటు మోస్తోందన్న మాట. లిగమెంటుకు సెన్సర్ అంటించకుండానే దాని పని తెలిసిపోయింది. మన పిల్లలు సాకర్‌లోనో కబడ్డీలోనో ఏసీఎల్ తెంచుకుంటే చేసే ఆపరేషన్ పద్ధతులను ఇలాంటి రోబోల మీద పోల్చి చూస్తున్నారు.

ఈ పద్ధతికీ హద్దుంది. ప్రాణం లేని కణజాలం మానదు, కొద్ది రోజుల్లో చెడిపోతుంది. 50 లక్షల అడుగుల పరీక్ష దాని మీద చేయలేం. అందుకే అరుగుదలకు ఒక యంత్రం, లిగమెంట్లకు ఇంకొకటి.

మూడో దారి కంప్యూటర్. స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ డెల్ప్ బృందం 2007లో ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేసింది. ఎముకలు, కండరాలు ఉన్న నమూనా మనిషిని అందులో నడిపించి, ఏ కండరం ఎంత లాగుతోందో అంచనా వేస్తారు. ఆ అంచనాలు సరైనవా అని చూడటానికి పోటీలు కూడా పెట్టారు. సెన్సర్ ఉన్న మోకాలు గల రోగి నడకను అందరికీ ఇచ్చి, లోపలి బరువు ఎంతో ముందు చెప్పమన్నారు. తర్వాతే అసలు కొలత బయటపెట్టారు.

యంత్రంలో పాస్, ఒంట్లో ఫెయిల్

ఇంత చేసినా యంత్రం తప్పుదారి పట్టించిన సందర్భం ఒకటి ఉంది. లోహపు బంతి, లోహపు గిన్నె ఉన్న తుంటి కీళ్ళు యంత్రాల్లో చాలా తక్కువ అరిగాయి. చురుకైన, చిన్న వయసు రోగులకు ఇవే మేలని చాలాచోట్ల పెట్టారు. వాటిలో ఏఎస్ఆర్ అనే రకాన్ని తయారుచేసిన డిప్యూ కంపెనీ 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి సుమారు 93,000 మందికి అవి అమర్చారు. బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కల్లో అయిదేళ్ళలోనే ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది.

ఎక్కడ తేడా వచ్చింది? పరీక్షలో గిన్నెను సరైన కోణంలో బిగించి, బంతిని సరిగ్గా మధ్యలో ఉంచారు. ఆపరేషన్ గదిలో గిన్నె కొన్నిసార్లు కాస్త నిటారుగా కూర్చుంటుంది. లోతు తక్కువ గిన్నెలో అప్పుడు బంతి అంచు మీద రుద్దుకుంటుంది. మధ్యలోని పల్చటి ద్రవపు పొర చెదిరిపోయి లోహం లోహాన్ని గీకుతుంది. కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరతాయి. యంత్రం అబద్ధం చెప్పలేదు, దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు. ఆ తర్వాత గిన్నె వంకరగా ఉన్నప్పుడు ఏమవుతుందో చూసే పరీక్షను కూడా 2018లో ఐఎస్ఓ ప్రమాణంగా చేర్చారు.

భారతదేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో ఈ రకం కీళ్ళు వాడారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పరిహారం ఎలా లెక్కించాలో ఖరారు చేసింది. కానీ చాలామంది రోగుల ఆచూకీయే దొరకలేదు. తన ఒంట్లో ఏ కంపెనీ కీలు ఉందో తెలియనివారికి, అది వెనక్కి తీసుకున్నారన్న కబురు చేరేదెలా?

కత్తిపీట, పూజ పీట, గొంతుకూర్చోవడం

మోకాలి పరీక్షలో 58 డిగ్రీల మడత అని చెప్పాను. చదునైన దారిలో నడకకు అది సరిపోతుంది. మన ఇళ్ళలో మోకాలు చేసే పని అంతేనా? కత్తిపీట ముందు కూర్చోవాలి. వ్రతానికి పీటల మీద బాసింపట్టు వేయాలి. గుమ్మం ముందు ముగ్గు పెట్టాలి. ఊళ్ళో పాత మరుగుదొడ్డిలో గొంతుకూర్చోవాలి. మసీదులో నమాజుకు మోకాళ్ళ మీద వాలాలి. ఇలాంటి పనులకు 110 నుంచి 165 డిగ్రీల వరకు మడత కావాలని పరిశోధకులు లెక్కగట్టారు. 2006లో భారతీయుల మీద చేసిన ఒక అధ్యయనంలో గొంతుకూర్చునేటప్పుడు మోకాలు 150 డిగ్రీలు దాటి మడుచుకుంది. పరీక్షల ప్రమాణం నడకను కొలుస్తుంది, నేల మీది జీవితాన్ని కొలవదు.

‘హై ఫ్లెక్స్’ పేరుతో ఎక్కువ మడతకు వీలైన మోకాళ్ళు ఉన్నాయి. మామూలు వాటితో పోల్చిన చాలా అధ్యయనాల్లో రోగికి తెలిసేంత తేడా కనిపించలేదు. ఆపరేషన్‌కు ముందు ఎంత మడవగలిగారు, తర్వాత వ్యాయామం ఎంత శ్రద్ధగా చేశారు అన్నవి పేరు కంటే ఎక్కువ ముఖ్యం.

30 ఏళ్ళు అని రాస్తే ఏమని చదువుకోవాలి?

రోజుకు 5,500 అడుగులు వేసే మనిషి ఏడాదికి 20 లక్షల అడుగులు వేస్తాడు. అంటే ఒక్కో కాలికి 10 లక్షలు. 50 లక్షల సార్ల ప్రామాణిక పరీక్ష ఈ లెక్కన అయిదేళ్ళ నడక. ఒక కంపెనీ తన మోకాలిని 4.5 కోట్ల సార్లు తిప్పి, దాన్ని 30 ఏళ్ళుగా లెక్కగట్టి 2010లో అమెరికాలో ప్రకటించుకుంది. యంత్రంలోని అరుగుదల రోగిలోని అరుగుదలను కచ్చితంగా చెబుతుందని రుజువు కాలేదన్న మాట కూడా ఆ ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

30 ఏళ్ళ పరీక్ష అంటే, బాగా బిగించిన మోకాలు చదునైన దారిలో అన్ని అడుగులు నడిస్తే ప్లాస్టిక్ ఇంత అరుగుతుంది అని మాత్రమే. ఇన్ఫెక్షన్ వస్తుందా, ఎముక నుంచి కీలు వదులవుతుందా, డాక్టరు సరిగ్గా అమర్చారా అన్నవాటికి అందులో జవాబు లేదు. ఇప్పుడు మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తున్నది ఎక్కువగా ఇన్ఫెక్షన్ వల్ల, వదులవడం వల్లే.

నిజమైన ఏళ్ళు తెలిసేది రిజిస్ట్రీల నుంచి. స్వీడన్ 1975లో మోకాళ్ళకు, ఆస్ట్రేలియా 1999లో, ఇంగ్లండ్ 2003లో ఇలాంటి రిజిస్ట్రీలు మొదలుపెట్టాయి. పెట్టిన ప్రతి కీలునూ, మళ్ళీ తీసిన ప్రతి కీలునూ నమోదు చేస్తాయి. ఇలాంటి లెక్కలు కలిపి 2019లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్ళు నిలిచాయి. అవన్నీ ఖరీదైన కొత్త రకాలు కావు. పాతికేళ్ళ కిందటి మామూలు మోకాళ్ళు. అమ్మానాన్నలకు ధైర్యం చెప్పడానికి పుస్తకంలోని 30 కంటే ఈ 82 నమ్మదగిన అంకె.

ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి

ఇది వైద్య సలహా కాదు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొచ్చే ప్రశ్నలు.

1. ఈ మోడల్ ఎన్నేళ్ళుగా వాడుకలో ఉంది? ఏ దేశపు రిజిస్ట్రీలోనైనా దీని ఫలితాలు ఉన్నాయా? బ్రిటన్‌లో ఓడెప్ అనే రేటింగ్ ఇస్తారు. అందులో అంకె ఎన్నేళ్ళ ఆధారం ఉందో చెబుతుంది. ‘10ఎ’ అంటే పదేళ్ళ లెక్కలు చూశారని.

2. ఈ డాక్టరు ఇదే మోడల్‌ను తరచుగా పెడుతుంటారా? చేయి తిరిగిన మోడలే మేలు.

3. అమ్మ ఇప్పుడు మోకాలిని ఎంతవరకు మడవగలుగుతోంది? తర్వాత ఎంత ఆశించవచ్చు? నేల మీద కూర్చోవచ్చా?

4. ఇంట్లో ఏం మార్చాలి? ఎత్తు కమోడ్, మెట్లకు పట్టుకునే కడ్డీ, పూజ గదిలో కుర్చీ. వీటి ఖర్చు ఖరీదైన మోడల్‌కు పెట్టే అదనంతో పోలిస్తే చాలా తక్కువ.

5. ఆపరేషన్ తర్వాత ఇంప్లాంట్ స్టిక్కర్లు ఇస్తారా? ప్రతి కీలు పెట్టె మీద కంపెనీ, మోడల్, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది ఆస్పత్రి ఫైలులో అంటిస్తారు. దాని ఫొటో తీయించి మీ ఫోన్‌లో, తోబుట్టువుల ఫోన్‌లో కూడా దాచుకోండి. రేపు ఏ మోడల్‌నైనా వెనక్కి తీసుకుంటే, అమ్మ ఒంట్లో ఉన్నది అదేనా అని చెప్పేది ఆ చిన్న కాగితమే. దూరాన ఉన్నా మనం తప్పకుండా చేయగలిగిన పని ఇది.

నాన్న మళ్ళీ ఫోన్ చేస్తే, ఏది ఖరీదైనదని కాకుండా, డాక్టరు ఏది ఎన్నేళ్ళుగా పెడుతున్నారో కనుక్కోమనండి. స్టిక్కర్ మాట మాత్రం మరచిపోవద్దనండి.